చేతిపట్టీ పంపిన సాయం

దానం ఎవరికివ్వాలో ఉద్యోగులు తలలు బద్దలుకొట్టుకునే రోజులు పోయాయి. పనిచేసేచోట ఇచ్చే చేతిపట్టీ నెలంతా మన గుండెను గమనిస్తుంది. ఎవరిని చూసినప్పుడు అది ఎక్కువ కరిగిందో వాళ్ల దగ్గరికి, మన పేరు మీద, ఒకరోజు సాయానికి మరమనిషిని పంపుతుంది.

బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేసే సన్యాసిరావు, ఈసారి తన మరమనిషి అనాథాశ్రమానికే వెళ్తుందని ఊరంతా చెప్పుకున్నాడు. తీరా ఆదివారం పొద్దున్నే అది అతని గుమ్మంలోనే నిలబడి, "సాయానికి వచ్చానండీ. పైడితల్లిగారున్నారా?" అంది.

మంచినీళ్ల ప్లాంటులో పనిచేసే అతని భార్య పైడితల్లికి ఒళ్లు మండింది.

"నానేటి దిక్కులేనిదాన్నా మావా?"

"మొన్న వేలు తెగినా నువ్వు నెత్తళ్లు తోముతుంటే సూసినానే. అప్పుడే అయ్యుంటది."

"సూసినావు కదా! పక్కన కూకుని నాలుగు చేపలు తోమితే నీ సొమ్మేటి పోయేది?"

మరమనిషిని అప్పటికప్పుడు అనాథాశ్రమానికి పంపేసింది. ఆ రోజు నుంచి నెత్తళ్లు తోమే పని సన్యాసిరావుదే. ప్రతి చేపనీ రెండుసార్లు జారవిడిచి, మూడోసారి పట్టుకుని, పసిబిడ్డకి నీళ్లు పోసినట్టు కడిగేవాడు. పైడితల్లి మూతికి కొంగు అడ్డంపెట్టుకుని చూసేది.

నెల తిరిగేసరికి గుమ్మంలో మళ్లీ మరమనిషి. సన్యాసిరావు చేపల చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"మళ్లీ వచ్చిందేటే! నెలంతా నానే తోమినాను కదా!"

"సాయానికి వచ్చానండీ," అంది మరమనిషి. "సన్యాసిరావుగారంటే మీరేనా?"

పైడితల్లి తన చేతిపట్టీని కొంగు కింద దాచుకుంది.