ఓదార్పు గదిలో ఎర్రదీపం

ప్రభుత్వాసుపత్రి ఓదార్పు గదిలో చావు కబురు చెప్పడం, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం స్వరూప ఉద్యోగం. ఏడుపు త్వరగా తగ్గితే ఆమె మెడలోని బిళ్ల పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా. ఇంకొక్కసారి ఎరుపు వెలిగితే ఉద్యోగం పోతుంది.

ఆ ఉదయం యాకమ్మకు కొడుకు పోయాడని చెప్పింది. ముసలామె ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని బిళ్లనే చూస్తూ కూర్చుంది. భుజాలు మాత్రం అదురుతున్నాయి. బిళ్ల పచ్చబడింది.

"ఏడుపొస్తలేదా అవ్వా?"

"నేనేడిస్తే నీ నౌకరి పోతదంట గద బిడ్డా. బయట కూసున్నోళ్లు చెప్పిన్రు. ఇంటికి పోయి ఏడుస్త తియ్యి," అని మళ్లీ కొంగు నోట్లో కుక్కుకుంది.

స్వరూపకు సిగ్గేసింది. తన మాటల్లో నేర్పు ఉందని ఇన్నాళ్లూ నమ్మింది. అదంతా తన మీద జనానికున్న జాలి.

"శభాష్ స్వరూపా, తర్వాతి వాళ్లను పిలువు," అంది గోడ మీది కెమెరాలోంచి పర్యవేక్షకుడి గొంతు.

"పిలవను."

తలుపు గడియ పెట్టి యాకమ్మ పక్కన కూర్చుంది. ఆమె నోట్లోంచి కొంగు మెల్లగా లాగింది.

"ఇంటిదాక ఎందుకవ్వా, ఇక్కడనే ఏడువు. నీ కొడుకు ఎట్లుండేటోడు, చెప్పు."

చెప్పబోయి యాకమ్మ బావురుమంది. బిళ్ల ఎర్రగా వెలిగింది. స్వరూప దాన్ని దాచలేదు. కెమెరాకు బాగా కనపడేలా గుండెల మీద సర్దుకుంది.