మొదటి రోజు ముద్ర

"దీని మీద సెప్టెంబరు పదిహేను ముద్ర కావాలి," అంది మెహ్టిల్డ్, కవరును కౌంటరు మీద పెట్టి.

బాన్ నగరం పెద్ద పోస్టాఫీసు. గోడ మీది క్యాలెండరులో అక్టోబరు పన్నెండు. అయినా గుమాస్తా క్నౌప్ ఆశ్చర్యపోలేదు. కొత్త తపాలా బిళ్ళ విడుదలయ్యాక నాలుగు వారాల దాకా దాని మీద మొదటి రోజు తేదీనే కొట్టించుకోవచ్చు. బిళ్ళలు సేకరించేవాళ్లు అందుకే వస్తుంటారు.

"రేపటితో గడువు ఆఖరమ్మా," అంటూ కవరు తిప్పాడు. బిళ్ళ మీద, యుద్ధం వద్దన్న రచయిత ముఖం. వంకర లేకుండా అతికించి ఉంది.

"బతికున్నన్నాళ్లూ ఈయన్ని జైళ్ల చుట్టూ తిప్పారు. ఇప్పుడేమో వీపు నాకి అతికించమంటున్నారు!" అని నవ్వాడు క్నౌప్.

వరసలో వెనకున్న ముసలాయన గయ్యిమన్నాడు. "సైనికుల్ని తిట్టినోడికి బిళ్ళా? రేపు సైన్యంలోంచి పారిపోయినోళ్లకీ వేస్తారు!"

"మీరు ఆరు కొన్నారుగా, పెద్దాయనా?" అన్నాడు క్నౌప్.

"ఆల్బమ్‌లో ఖాళీ ఉంచమంటావా?"

మెహ్టిల్డ్ నవ్వలేదు. సిరా దిండు వంకే చూస్తోంది.

క్నౌప్ చిరునామా చదివాడు. సైనిక భర్తీ కార్యాలయం. పద్దెనిమిది నిండిన కుర్రాళ్లని తప్పనిసరి సైనిక శిక్షణకి పిలిచేది అదే. చెయ్యి ఆగింది.

"ఇది ఆల్బమ్‌కి కాదా?"

"మా యోఖెన్ రాశాడు. తుపాకీ పట్టనని. శిక్షణ మొదలయ్యే అక్టోబరు ఒకటిలోపు వాళ్లకి అందాల్సింది."

"అయ్యో, ఆలస్యమైపోయిందే! మరి అబ్బాయి బ్యారక్‌లో ఉన్నాడా?"

"లేడు. మొన్న ఇంటికొచ్చాడు."

క్నౌప్ గొంతు తగ్గించాడు. "చెప్పకుండా వచ్చేశాడా?"

ఆమె కవరును అతని వైపు ఇంకాస్త జరిపింది. కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉంది.

"చూడండమ్మా, ఈ తేదీతో పోస్టులో పడితే మోసమంటారు. మీ అబ్బాయికీ ముప్పే, నాకూ ముప్పే."

"పోస్టులో వెయ్యను. నా చేత్తో ఇస్తాను."

క్నౌప్ ముద్రను సిరా దిండు మీద అద్దాడు. "మావాడికీ వచ్చే ఏడు పద్దెనిమిది నిండుతాయి," అని గొణిగి, ముద్ర ధన్‌మని కొట్టాడు. "ఆరేదాకా ముట్టుకోకండి."

సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం శ్మశానం పక్కన ప్రార్థనామందిరంలో, సెప్టెంబరు పదిహేనున పోస్టు చెయ్యమని కొడుకు తన చేతికిస్తే, నలుగురూ వాణ్ణి పిరికివాడంటారని తాను దుప్పట్ల అడుగున దాచేసిన ఆ ఉత్తరాన్ని, శిక్షణలో లారీ బోల్తాపడి చనిపోయిన యోఖెన్ చేతుల కింద పెట్టి, శవపేటిక ఇక మూసెయ్యమంది మెహ్టిల్డ్.