ఆగి ఆగి దూకే నెమలి

నెమలి మళ్లీ మాయమైంది.

కొండ అంచున తోక ముడుచుకుని నిలబడింది. ఆ తర్వాత ఎదుటి బండ మీద ఉంది. మధ్యలో పరుగు లేదు, ఎగరడం లేదు.

హేమనాథ్ కీబోర్డును విసురుగా ముందుకు తోశాడు.

ఆ నెమలికి పరుగు నేర్పింది అతనే. చెన్నైలో ఒక కంప్యూటర్ గేముల కంపెనీకి తిరుత్తణిలోని తన ఇంటి మేడ మీద నుంచే పనిచేస్తాడు. బొమ్మలకు కదలిక ఇవ్వడం అతని పని. ఎత్తిన కాలు దించేలోపల ఒక్క ఫ్రేము తప్పినా పట్టేస్తాడని ఆఫీసులో పేరు. ఆ పేరు చూసే నెమలిని అతని చేతిలో పెట్టారు. గేమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నిన్న పంపితే, బండ మీద వాలేటప్పుడు కాళ్లు ఇంకాస్త సర్దమన్నారు. ఈ సాయంత్రానికి అప్పగించాలి.

సర్దాలంటే ముందు కదలిక కనపడాలి కదా!

పొద్దున్నే టీమ్ లీడ్ దేవరాజులుకు ఫోన్ చేశాడు.

"నెమలి ఆగి ఆగి దూకతా ఉండాది సార్. పరుగే రావడం లేదు."

"ఇక్కడ అందరి సిస్టమ్‌లోనూ బాగానే ఉండాదే! నీ మిషన్‌లోనే ఏదో తప్పు. చూసుకో. పోయిన తూరే లేటు చేసినావు హేమనాథ్, ఈసారి నేను పైవాళ్లకు జవాబు చెప్పలేను."

తర్వాత కలైవాణికి చేశాడు. ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేది ఆమే. చెన్నై శివారు పట్టాభిరామ్‌లో ఉంటుంది, ఇంట్లో తెలుగే. వీడియో కాల్‌లో ఆమె ముఖం నోరు తెరిచినట్టే నిలిచిపోయింది. మాట మాత్రం వస్తూనే ఉంది. నెట్‌వర్కును తిట్టుకుని, కట్ చేసి మామూలు కాల్ చేశాడు.

"గేమ్ ఒకటేనా అన్నా, మౌసు కూడా ఎగరతా ఉండాదా?"

"మౌసు బాణం కూడా అంతే. ఈడ మాయమై ఆడ తేలతా ఉండాది. మూలలో నంబరు మాత్రం సెకనుకు అరవై ఫ్రేములు అని కరెక్టుగా చూపిస్తా ఉండాది."

"నంబరును నమ్మొద్దు. తెరకు బొమ్మలు అందించే గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైనాది. మామూలుగా తీసేస్తే పాతది యాడో ఒక మూల మిగిలిపోతాది. క్లీన్‌గా తీయాల. తీసే సాఫ్ట్‌వేర్ లింకు పంపతా ఉండా, దాన్నీ కొత్త డ్రైవర్‌నూ ముందే దించుకుని ఇంటర్నెట్ వైరు పీకేయి. సేఫ్ మోడ్‌లోకి పో. ఆ సాఫ్ట్‌వేర్ నడిపితే మొత్తం ఊడ్చేస్తాది. రీస్టార్ట్ చేసి కొత్త డ్రైవర్ వేయి. భయపడొద్దు, సరి అయిపోతాది."

చెప్పింది చెప్పినట్టు చేశాడు. అత్యవసరమైన ప్రోగ్రాములు మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెర మీది అక్షరాలు లావెక్కాయి. పాత డ్రైవర్ పోయింది. కొత్తది వేశాడు. నెమలిని వదిలాడు.

కొండ అంచున ఉంది. బండ మీద ఉంది.

అమ్మ చెంగమ్మ కాఫీ చెంబు తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను గ్లాసులోకి వంచుకుంటుంటే కాఫీ పొంగి, బల్లంతా పారి, ఒళ్లో పడింది.

"ఏందిరా ఇది! తల యాడ పెట్టుకున్నావు?"

"ఈ కంప్యూటర్లోనేమా."

"నాలుగు దినాలుగా తలనొప్పి అంటా ఉండావు. ఆ పెట్టె ముందు నుంచి లేస్తే గదా తగ్గేది!" కొంగుతో కీబోర్డు తుడుస్తూ సణిగింది.

తలనొప్పి నిజమే. మాత్ర కొనుక్కుందామని వీధిలోకి వచ్చాడు. రోడ్డు దాటబోయాడు. మలుపు దగ్గర ఉన్న ఆటో ఉన్నట్టుండి మోకాలి పక్కన ఉంది. ఇంట్లో చెప్పేసి వచ్చినావా అని డ్రైవరు తమిళంలో అరిచాడు. అతని మనసులో నెమలి ఒక్కటే ఉంది.

ఇంటికి వచ్చి మాత్ర మింగి, అంతా మొదటి నుంచి మళ్లీ చేశాడు. ఈసారి మునుపటి కన్నా పాత డ్రైవర్ వెతికి వేశాడు. తెర వెనక వైరు మార్చాడు.

నెమలి మారలేదు.

సాయంత్రం దేవరాజులే ఫోన్ చేశాడు.

"ఏమైనాది?"

"ఇంకొక్క దినం ఇవ్వండి సార్."

"నెమలిని మన టీమ్‌లో అరవిందన్‌కు ఇచ్చేస్తా ఉండా. నువ్వు కొన్నాళ్లు రెస్టు తీసుకో."

రెస్టు అంటే ఏమిటో హేమనాథ్‌కు తెలుసు. పోయిన ఏడాది రెస్టు తీసుకోమన్న వాళ్లెవరూ తిరిగి ఆఫీసు మెట్లెక్కలేదు. రెండు చేతుల్లో తల పట్టుకుని కూర్చున్నాడు. తాను పుట్టించిన పరుగు. దాన్ని తన ఇంట్లో, తన తెర మీద, తానే చూసుకోలేకపోయాడు.

తిరువళ్లూరు ఆఫీసు నుంచి లోకల్ రైల్లో వచ్చింది అతని భార్య నిత్య. గుమ్మంలో కనపడింది. ఆ తర్వాత అతని కుర్చీ వెనక ఉంది.

"ఏంది బావా, ముఖం అట్ల పెట్టుకున్నావు?"

"నెమలిని లాక్కున్నారు నిత్యా. రెండు తూర్లు డ్రైవర్ ఊడ్చి వేసినా. ఈ దరిద్రపు మిషన్ బాగుపడలా. నువ్వే చూడు, మధ్యలో ఎట్ల మాయమైపోతా ఉండాదో!"

నెమలిని మళ్లీ వదిలాడు. నిత్య అతని భుజం మీద చెయ్యి వేసి, వంగి, తెర వైపు చూసింది. ఇంకోసారి వేయమంది. వేశాడు. మూడోసారి ఆమె తెర చూడలేదు, తెరను చూస్తున్న అతని ముఖం చూసింది.

"మాయమయ్యేది ఏమీ లేదు గదా బావా, ఆ కొస నుంచి ఈ కొసకు యాడా ఆగకుండా పరిగెత్తి ఎగరతా ఉండాదే! నీ కండ్లకేమైనాది?"