నోరులేని ఫ్యాను

ఇంట్లో ప్రతి వస్తువూ మనుషులకు హితబోధ చేసే కాలం వచ్చాక, పాతసామాను పిచ్చి ఉన్న వైకుంఠరావు ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓ టేబుల్ ఫ్యాను పట్టాడు.

"దీనికి తెలివి సున్నా సార్. మీ బీపీ అడగది, యాడ్లు చెప్పది. తిరుగుతది, అంతే," అన్నాడు అమ్మే ఖాజా. ఈ రోజుల్లో అంతటి గుణవంతురాలు ఎక్కడ దొరుకుతుంది! తుక్కు ధరకే వచ్చింది.

"మళ్లీ చెత్త మోసుకొచ్చారా?" అంది భార్య అలివేలు.

ప్లగ్గు పెట్టగానే గోడకున్న స్విచ్‌బోర్డు గొంతు సవరించుకుంది. "నిబంధనలు సమ్మతమేనని ఫ్యాను గారు స్వయంగా చెబితేనే కరెంటు."

ఫ్యాను ఏం చెబుతుంది? వైకుంఠరావు దాని తరఫున ఎంత బతిమాలినా, "మీ గొంతు చెల్లదు," అంది బోర్డు.

అలివేలు విసుగ్గా వచ్చి, ముక్కు మూసుకుని, గరగరలాడే గొంతుతో "సమ్మతమే" అంది.

"స్వాగతం, ఫ్యాను గారూ! వంటింట్లో మిక్సీ గారు మీకు తోబుట్టువా? గొంతు అచ్చం అలాగే ఉంది."

ఫ్యాను హాయిగా తిరిగింది. వైకుంఠరావు నోరు తెరుచుకుని భార్యను చూశాడు.

"అలా చూడకండి. ఉప్పు తగ్గించమని పోరే పాత మిక్సీని పోయినేడే అదే సంతలో వదిలించుకుని, మూగది తెచ్చుకున్నాను. నా పచ్చళ్లను మీరు మెచ్చుకోవడం మొదలెట్టింది అప్పటినుంచే కదా!"