ఫ్రీజర్ పళ్లు

ఢిల్లీ నుంచి ఫోను వచ్చినప్పుడు తనూజ రాగుల చోడంబలి తాగుతోంది. అవతలి గొంతు హిందీలో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేసింది. డోపింగ్ పరీక్షలో స్టెరాయిడ్ దొరికింది. విచారణ తేలేదాకా ఏ పోటీలోనూ పరిగెత్తకూడదు.

తనూజకి పంతొమ్మిదేళ్లు. నాలుగు వందల మీటర్ల పరుగులో రాష్ట్రంలో మొదటిది. ఇంకో నెలలో రైల్వే స్పోర్ట్స్ కోటాకి ట్రయల్స్ ఉన్నాయి.

"ఏటయిందమ్మా?" వంటగదిలోంచి వచ్చాడు తండ్రి బంగార్రాజు.

చెప్పింది. అతను గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నాడు. 

బంగార్రాజు ఉద్యోగానికని ఈ హిందీ ఊరొచ్చి స్థిరపడ్డ లోకో షెడ్డు టెక్నీషియన్. వయసులో తనూ పరిగెత్తినవాడే. అర సెకను తేడాతో జాతీయ పోటీలు చేజారిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాడు. భార్య ప్రసూనకి ఊరి పక్క ఉస్లాపూర్ స్టేషన్లో టికెట్ కౌంటర్ డ్యూటీ. ఆమె తెల్లారుతూనే వెళ్లిపోతుంది కాబట్టి కూతురి టిఫిను అతనిదే.

ఆరు నెలల కిందట అతనికి ఫ్రోజెన్ బెర్రీల పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి, సర్కండా పేటలో కొత్త సూపర్ మార్కెట్ నుంచి ప్యాకెట్లు మోసుకొచ్చి ఫ్రీజర్ నింపేశాడు. పొద్దున స్ట్రాబెర్రీ, అరటిపండు, పాలు కలిపి ఓ పెద్ద గ్లాసుడు. ఆదివారం చోడంబలిలో బ్లూబెర్రీలు. సాయంత్రం గ్రౌండు నుంచి వచ్చాక గడ్డపెరుగులో మల్బరీలు, కాస్త బెల్లం తురుము.

"కరగనివ్వకండి. గడ్డగా ఉన్నప్పుడే మిక్సీలో వేస్తే చిక్కగా వస్తాది," అని పక్క క్వార్టర్ల ఆడవాళ్లకి పాఠం చెప్పేవాడు.

ప్రసూన ఒకసారి గ్లాసు అందుకోబోతే లాగేసుకున్నాడు. "నీకెందుకే? నువ్వేటి పరిగెడతావా?"

తనూజ మాత్రం ఆఖరి చుక్కదాకా తాగాలి. అప్పటిదాకా బూట్లు వేసుకోనిచ్చేవాడు కాదు.

"బస్ కరో నాన్నా, చాలు, పుల్లగా ఉంది!"

"పుల్లగానే ఉంటాదమ్మా. తాగేయ్."

అలాంటి మనిషి ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చివరికి తల ఎత్తాడు.

"ఇంట్లో తిండి నా చేతిది. బయట నీకెవరేటి ఇచ్చారు? బాగా గుర్తు తెచ్చుకో."

తనూజకి గుర్తొచ్చింది. 

అప్పలకొండ మేస్టారు.

ఆయన ఆమెకి ఎనిమిదేళ్లుగా కోచ్. ఆమె పదకొండో ఏట పందెంలో కింద పడి ఏడుస్తుంటే లేపి, మోకాలికి కట్టు కట్టి, "రేపు పొద్దున్న గ్రౌండుకి రా" అన్నవాడు. పెళ్లాం బిడ్డలు లేని మనిషి. రెండు నెలలుగా రోజూ ఒక మాత్ర ఇస్తున్నాడు. రక్తం తక్కువగా ఉంది, వేసుకోమన్నాడు. రేకులోంచి ఒక్కటి చింపి ఇచ్చేవాడు. దాని మీద పేరేమిటో ఆమె ఎప్పుడూ చూడలేదు.

తండ్రీకూతుళ్లు ఆ సాయంత్రమే గ్రౌండుకి వెళ్లారు.

"అవి ఐరన్ గోలీలమ్మా. నానూ అవే వేసుకుంతన్నాను," అన్నాడు మేస్టారు.

"రేకు చూపించండి సర్."

"అయిపోనాది. పడేశాను."

తనూజ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎనిమిదేళ్లు మీరేం చెబితే అది చేశాను సర్. ఒక్కసారైనా ఎందుకని అడిగానా?"

"నీ పరుగు చాలమ్మా నాకు. అందులో నానేటి కలపాలి?"

బంగార్రాజు ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నా పిల్ల బతుకు నాశనం చేశావు కదరా!" పిల్లలంతా పరుగు ఆపి చూస్తున్నారు. మేస్టారు విడిపించుకోలేదు. తనూజ వైపే చూస్తున్నాడు, ఒక్క మాట అంటుందేమోనని.

ఆమె ముఖం తిప్పుకుంది.

విచారణకి ఇవ్వాల్సిన కాగితం ఇంట్లోనే రాసింది. మాత్రలు ఎవరిచ్చారన్న చోట కలం ఆగిపోయింది. పక్కన కూర్చున్న తండ్రి మెల్లిగా అన్నాడు, "రాయమ్మా. నిజం రాయడానికి భయమేటి?"

రాసింది.

ఇచ్చినవాడి పేరు చెప్పిందని ఆమెకి నిషేధం రెండేళ్లతో సరిపెట్టారు. మేస్టారు ఇక జన్మలో ఎవరికీ పరుగు నేర్పకూడదన్నారు. గ్రౌండులో ఆయన నేర్పిన పిల్లలే ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. పాలకొండలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోదామని ఆయన సామాను సర్దుకున్నాడు.

వెళ్లే రోజు క్వార్టర్ గేటు దగ్గరికి వచ్చాడు. తనూజ తలుపు తియ్యలేదు.

"తనూజా, రెండేళ్లు ఎంతలో తిరిగొస్తాయమ్మా! పరుగు మాత్రం ఆపకు," అని బయటినుంచే అన్నాడు.

ఆమె టీవీ సౌండు పెంచింది.

మేస్టారు నిజంగా రైలెక్కాడో లేదో చూసి రావడానికి బంగార్రాజు స్టేషన్‌కి వెళ్లాడు. గంటలో తిరిగొచ్చాడు.

"వెళ్లిపోయాడు," అన్నాడు.

ఆ మాటతో తనూజ ఇన్నాళ్లూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది. తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇంకెవర్నీ నమ్మను నాన్నా. నువ్వొక్కడివే నాకు."

అతను ఆమె తల నిమిరాడు. కళ్లు తుడిచాడు. ఏదైనా తినడానికి తెస్తానని లేచాడు.

వంటగది తలుపు దగ్గరగా వేసి, బియ్యం డబ్బా అడుగు నుంచి పొడి సీసా పైకి తీసి, ఆరు నెలలు రోజూ కూతురి గ్లాసులో కలపగా మిగిలిన ఆ నాలుగు చెంచాలూ సింకులో పోసి కొళాయి తిప్పాడు.