ఒక్కసారే అడగాలి

ఐస్ పెట్టె పట్టుకుని టెక్నీషియన్ మెట్లెక్కేసరికే లోపల గొడవ మొదలైపోయింది.

"ముందు మీరు బయటికి నడవండి! మా చెల్లెల్ని కాసేపు ఏడవనివ్వండి!" ఎవరో మగమనిషి అరుస్తున్నాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఐ బ్యాంకులో చేరినప్పటి నుంచీ ఇలాంటి ఇళ్ళు చాలానే చూసింది. చావు ఇంటికి కళ్ళు అడగడానికి వెళ్ళినవాళ్ళకు మర్యాదలేం జరగవు. కానీ ప్రెస్సాయన మీద ఎవరైనా ఇంతగా విరుచుకుపడటం ఇదే చూడటం.

ఆయనది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. సేవా క్లబ్బులో నేత్రదానం పనంతా ఆయనే నెత్తినేసుకున్నాడు. ఏడుపులు ఆగకముందే వాలిపోతాడని వెనకాల అందరూ ఆయన్ని గద్ద అంటారు. ఆ మాట ఆయన చెవినా పడింది. "పోనీలేమ్మా, గద్దకు చూపు బాగుంటుందిగా," అని నవ్వేశాడు.

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పేది ఒకటే. "ఒక్కసారే అడగాలి. నెమ్మదిగా అడగాలి. కాదంటే చేతులు జోడించి వచ్చెయ్యాలి. మనం వెళ్ళేది అడగడానికి, లాక్కోవడానికి కాదు." ఆ మాట వల్లే ఆమెకు ఆయనంటే అంత గౌరవం.

ఈ పొద్దున ఫోన్లో ఆయన ఎప్పటిలా వయసూ జబ్బూ చెప్పలేదు. వీధి పేరు చెప్పి, "త్వరగా రామ్మా," అని పెట్టేశాడు.

గదిలో మంచం మీద ఇరవై కూడా నిండని అమ్మాయి. పుట్టినప్పటి నుంచీ గుండె జబ్బట. తెల్లారి లేపితే లేవలేదట. అప్పటికే ఎవరో ఫ్యాను ఆపేశారు. తల కింద ఎత్తుగా దిండు పెట్టారు. మూసిన రెప్పల మీద తడి దూది ఉంది. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. అనుమతి ఒక్కటే లేదు. ఆలస్యమయ్యేకొద్దీ కళ్ళు పనికిరాకుండా పోతాయి.

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుంది. ఎదురుగా ప్రెస్సాయన నిలబడ్డాడు. నలిగిన చొక్కాకు క్లబ్బు బ్యాడ్జీ వంకరగా వేలాడుతోంది.

"వద్దన్నానా? ఎన్నిసార్లు చెప్పాలి?" అంది తల్లి.

ఎన్నిసార్లు? టెక్నీషియన్ ఉలిక్కిపడింది.

"ఇంకొక్కసారి ఆలోచిస్తే..." అన్నాడాయన.

"దాని కళ్ళు తీసుకుపోతామంటే ఆలోచించాలా నేను? చావు ఇళ్ళు తిరిగీ తిరిగీ గుండె బండబారిపోయింది మీకు. అసలు మీరు మనిషేనా?"

"ఇద్దరికి చూపొస్తుంది."

ప్రతి ఇంట్లోనూ ఆయన అనే మాటే అది. ఈసారి మాత్రం నేల చూస్తూ అన్నాడు. తల్లి అన్న ఒక్క ఉదుటున వచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు. బ్యాడ్జీ ఊడి కింద పడింది. ఇద్దరు ముగ్గురు అడ్డుపడి విడదీశారు.

టెక్నీషియన్‌కు ఇంట్లో వదిలేసి వచ్చిన తన పిల్ల గుర్తొచ్చింది. ఇక చూడలేకపోయింది.

"సార్, వదిలేద్దాం రండి," అంది మెల్లగా.

"నువ్వుండమ్మా."

ఆయన తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఎంతమంది తల్లుల్ని అడిగాను! ఈ ఇంట్లో అడక్కుండా ఊరుకుంటే, రేపు ఇంకో ఇంటి గడప తొక్కే ముఖం ఉంటుందా నాకు?"

టెక్నీషియన్‌కు ఒళ్ళు మండిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ముందు తన ముఖం గొడవేమిటి ఈయనకు!

తల్లికి తిట్టడానికి ఓపిక లేదో, తిట్లే అయిపోయాయో, చివరికి టెక్నీషియన్ వైపు తిరిగింది.

"దానికి నొప్పి పుట్టదుగా?"

"పుట్టదమ్మా."

"ముఖం?"

"ఏమీ తేడా తెలీదు. నిద్రపోతున్నట్టే ఉంటుంది."

"సూదంటే భయం దానికి," అంటూ తల్లి కూతురి వేళ్ళలోంచి తన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంది.

అందరినీ బయటికి పంపి టెక్నీషియన్ పని మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ తలుపు బయట కాపలా ఉంటాడు. ఈరోజు గదిలోంచి కదల్లేదు. గోడ వైపు తిరిగి, గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. కళ్ళు చేతికొచ్చేదాకా నమ్మకం లేదు కాబోలు అనుకుంది ఆమె. కత్తెర పళ్ళెంలో పెట్టిన చప్పుడుకు ఆయన భుజాలు అదిరాయి.

తర్వాత పెట్టె తనే మోసుకుంటూ వ్యాను దాకా వచ్చాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"సార్, మీకంటే చిన్నదాన్ని. అయినా అంటున్నాను. ఈరోజు మీరు చేసింది తప్పు. ఒక్కసారే అడగాలని మాకందరికీ చెప్పింది మీరే. ఆ తల్లి కడుపుకోత కనపడలేదా మీకు? కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి తెచ్చుకోవడం సేవ ఎలా అవుతుంది?"

ఆయన పెట్టెను సీటు మీద ఉంచి, కుదుపులకు జారకుండా బెల్టు బిగించాడు. పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టె మూత మీద ఒకసారి చెయ్యి వేశాడు.

అది చూసి ఆమె కోపం కాస్త చల్లారింది. ఎంతైనా పెద్దాయన.

"సరే, ఎక్కండి సార్. ఎప్పటిలా ప్రెస్సు దగ్గర దింపేస్తాం."

"నువ్వు వెళ్ళమ్మా," అన్నాడాయన వ్యాను తలుపు మూస్తూ. "మా ఇల్లు ఇదే, లోపలున్నది నా కూతురు."