తాండూరు దాకా ఒక నవల

"తాండూరు దాకనే టికెట్ తీసిన. గంతల నీ కథ నాకు నచ్చకుంటే నాతోని దిగాలె, మళ్ల క్లారినెట్ పట్టాలె," అన్నాడు జంగప్ప మామ, బొంబాయి రైలు వికారాబాదు దాటగానే.

మామ పెళ్లిబ్యాండు మాస్టరు. ఆ బ్యాండులో పదేళ్లు క్లారినెట్ వాయించి, ఇప్పుడు నవలలు రాస్తానని లండన్ బయలుదేరినవాడు మా ఆయన యోబు. నేను పదిరోజుల పెళ్లాన్ని.

యోబు నోటుబుక్కు తెరిచాడు. మామ కళ్లు మూసుకుని, ట్రంకుపెట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నాడు.

కథలో పిల్ల జామకాయల కోసం దొర తోట గోడెక్కింది. కింద కుక్క నిలబడింది. సరిగ్గా అక్కడ మామ వేళ్లు ఆగిపోయాయి.

బ్యాండులో మాస్టరు తాళం ఆపితే పాట బంద్. యోబు ముఖం మాడ్చుకుని పుస్తకం మూసేశాడు. అంతలో తాండూరు వచ్చింది. పెట్టె అందుకోబోయిన ఆయన చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాను.

"మామ నిద్రపోయిండు. సప్పుడు చెయ్యకు," అన్నాను చెవిలో.

రైలు కదిలింది. నాకు నవ్వు ఆగలేదు.

"నేనేం నిద్రపోలే బిడ్డా. తాండూరు పోయిందని గూడ ఎరుకనే," అన్నాడు మామ. "ఎందుకు ఆపినవ్‌రా?"

"నువ్వు తాళం ఆపినవ్ గద మామా!"

మామ తన వేళ్లను వింతగా చూసుకున్నాడు.

"ఆపిన్నా? సోయే లేదు... టికెట్ కలెక్టర్ వస్తే కోడలుపిల్ల మాట్లాడుతది. నువ్వు సదువు. గా పిల్ల గోడ దిగిందా లేదా?"